నాలుగు షెల్ స్క్రిప్టులను ఒక్క కమాండ్‌గా మార్చాలంటే కోడ్ జనరేటర్ వాడాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. నువ్వు గుణుపురంలో ఒక జీడిపిక్కల వ్యాపారి దగ్గర కంప్యూటర్ పనులన్నీ చూస్తున్నావు. కాశీనగరం, మోహన, ఆర్. ఉదయగిరి కొనుగోలు పాయింట్ల నుంచి రోజూ తూకం ఫైళ్లు సీఎస్‌వీలుగా (కామాలతో విడదీసిన పట్టికలుగా) వస్తాయి. వాటిని కలపడానికో షెల్ స్క్రిప్టు (వరసగా నడిచే కమాండ్ల ఫైలు), రోజువారీ రిపోర్టుకో స్క్రిప్టు, బ్యాకప్‌కొకటి, పాత ఫైళ్లు తీసేయడానికొకటి రాసుకున్నావు. ఒకదాంట్లో ‘-డి’ అంటే తేదీ, ఇంకోదాంట్లో ‘-డి’ అంటే డిలీట్. మొన్న ఎవరో కుర్రాడు తేదీ అనుకుని కొట్టేసరికి రెండు రోజుల ఫైళ్లు పోయాయి. ఇప్పుడు నీకు మూడు సందేహాలు: బాష్లీ లాంటి కోడ్ జనరేటర్ (వివరణ ఇస్తే స్క్రిప్టు పుట్టించే పనిముట్టు) వాడాలా, ఇవన్నీ పారేసి పైథాన్‌లో మళ్లీ రాయాలా, ఇంటర్నెట్ సరిగ్గా లేని పాయింట్లలో అది నడుస్తుందా.

జనరేటర్ వాడు. పైథాన్ ఇప్పుడే వద్దు. పాయింట్లలో నడుస్తుంది. కానీ ఈ రాత్రే ఇన్‌స్టాల్ చేయకు, ముందు ఒక కాగితం పని ఉంది. అది చివర్లో కాదు, ఇప్పుడే చెబుతాను.

ఒక తెల్లకాగితం తీసుకుని, నీ నాలుగు స్క్రిప్టులూ ఒకే కమాండ్ అయితే మనుషులు ఏం కొడతారో వరసగా రాయి. కమాండ్ పేరు ‘పిక్కలు’ అనుకో. పిక్కలు కలుపు, పిక్కలు రిపోర్ట్, పిక్కలు బ్యాకప్, పిక్కలు ఊడ్చు. ఒక్కోదాని కింద ఏ ఆప్షన్, దాని పొడవు పేరేంటి, పొట్టి పేరేంటి, విలువ తీసుకుంటుందా లేదా, తప్పనిసరా కాదా అని రాయి. ‘-డి’ అన్నది అన్నిచోట్లా తేదీయే కావాలి. డిలీట్‌కి పొట్టి పేరే ఇవ్వకు. ప్రమాదకరమైన పని చేయాలంటే వేళ్లకి కొంచెం శ్రమ ఉండాలి. ఈ కాగితం మీద గంట కూర్చుంటే, జనరేటర్‌కి ఇవ్వాల్సిన ఫైలు దాదాపు పూర్తయినట్టే. ఎందుకంటే జనరేటర్ అడిగేది సరిగ్గా ఇదే.

కోడ్ జనరేటర్ అనగానే ఈమధ్య అందరూ చాట్‌లో అడిగితే ప్రోగ్రాం రాసిచ్చే ఏఐ అనుకుంటున్నారు. ఇది అది కాదు. ఇక్కడ నువ్వు నీ కమాండ్ ఎలా ఉండాలో ఒక వివరణ ఫైల్లో రాస్తావు, ఆ పనిముట్టు దాన్ని చదివి షెల్ స్క్రిప్టు పుట్టిస్తుంది. అదే వివరణ వంద సార్లు ఇచ్చినా వంద సార్లూ అదే స్క్రిప్టు వస్తుంది. ఏఐతో కూడా నేను స్క్రిప్టులు రాయించుకుంటాను, కాదనను. కానీ ఈరోజు ఒకలాగా, రేపు ఇంకోలాగా రాసిస్తుంది. గోడౌన్ లెక్కలకి ఆ వైవిధ్యం మనకొద్దు.

చేత్తో రాస్తే వచ్చే బాధేంటో నీకు తెలిసే ఉంటుంది, అయినా రెండు ముక్కలు. బాష్‌లో, అంటే మన స్క్రిప్టులను నడిపే షెల్‌లో, ఆప్షన్లు చదవడానికి ఉన్న గెటాప్ట్స్ పోసిక్స్ అనే యూనిక్స్ ఉమ్మడి ప్రమాణంలోది, అన్నిచోట్లా ఉంటుంది, కానీ ఒక్క అక్షరం ఆప్షన్లే తెలుసు దానికి. ‘--తేదీ’ లాంటి పొడవు పేర్లు రావు. ‘ఎస్’ లేని గెటాప్ట్ అని ఇంకోటుంది, లినక్స్‌లో వచ్చే రకం పొడవు పేర్లు తీసుకుంటుంది, మ్యాక్‌లో వచ్చే రకం తీసుకోదు. అందుకే అందరం చివరికి ఆప్షన్లను ఒక్కొక్కటిగా చేత్తో చదవడానికి వైల్ లూప్ పెట్టి, కేస్ పెట్టి, షిఫ్ట్ కొట్టుకుంటూ పోతాం. మొదటి రోజు బాగానే ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఒక ఆప్షన్ పెరుగుతుంది, లూప్‌లో చేరుస్తాం, హెల్ప్‌లో చేర్చడం మర్చిపోతాం. నేను రాసిన ఒక బ్యాకప్ స్క్రిప్టు హెల్ప్‌లో రెండేళ్ల పాటు లేని ఆప్షన్ ఒకటి కనిపించేది. ఎప్పుడో తీసేశాను, హెల్ప్‌లో మిగిలిపోయింది. ఎవరైనా దాన్ని వాడితే స్క్రిప్టు గోల చేయకుండా ఊరుకునేది, అది ఇంకా దారుణం. తెలియని ఆప్షన్ వస్తే ఆగిపోవాలి. ఆగకుండా ముందుకెళ్లే స్క్రిప్టును నమ్మకూడదు.

జనరేటర్ వల్ల అసలు లాభం టైపింగ్ తగ్గడం కాదు. హెల్ప్, ఆప్షన్ల తనిఖీ, ట్యాబ్ కొడితే పూర్తయ్యే పేర్లు, ఇవన్నీ ఒకే వివరణ నుంచి పుడతాయి కాబట్టి ఒకదానితో ఒకటి అబద్ధం చెప్పుకోలేవు. మిగతాదంతా బోనస్.

ఇక బాష్లీ. ఇది రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పనిముట్టు, జెమ్‌గా (రూబీ ప్యాకేజీగా) ఇన్‌స్టాల్ చేసుకుంటాం. రూబీ నీ లాప్‌టాప్‌లో ఉంటే చాలు. పాయింట్లలో ఉన్న మెషీన్లలో రూబీ అక్కర్లేదు, బాష్లీ అక్కర్లేదు, ఇంటర్నెట్ అసలే అక్కర్లేదు. అక్కడికి వెళ్లేది ఒక్క బాష్ ఫైలు. రూబీ గొడవ నీకూ వద్దనుకుంటే డాకర్ ఇమేజ్ (అన్నీ సర్ది ఉంచిన సిద్ధం ప్యాకెట్) ఉంది, దాంతో కూడా నడుపుకోవచ్చు.

ఖాళీ ఫోల్డర్లో ‘బాష్లీ ఇనిట్’ అని కొడితే ఎస్‌ఆర్‌సీ అనే ఫోల్డర్, అందులో ఒక యామల్ ఫైలు (వివరణను ఒక పద్ధతిలో రాసే టెక్స్ట్ ఫైలు) వస్తాయి. నమూనాకి డౌన్‌లోడ్, అప్‌లోడ్ అనే రెండు కమాండ్లు రాసి ఉంటాయి. వాటిని తీసేసి నీ కాగితంలో ఉన్నది అక్కడ పెట్టు. తర్వాత ‘బాష్లీ జనరేట్’ అంటే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, ప్రతి కమాండ్‌కి ఎస్‌ఆర్‌సీ ఫోల్డర్లో ఒక చిన్న ఫైలు పుడుతుంది: రిపోర్ట్ కమాండ్‌కొకటి, బ్యాకప్ కమాండ్‌కొకటి. నీ అసలు పని అంతా ఆ చిన్న ఫైళ్లలో రాస్తావు. రెండోది, వాటన్నిటినీ ఆప్షన్లు చదివే కోడ్‌తో కలిపి బయట ఒక పెద్ద స్క్రిప్టు తయారవుతుంది. పాయింట్లకి పంపేది అదే.

చిన్న ఫైల్లోకి వచ్చేసరికి ఆప్షన్ల గొడవ అప్పటికే తీరిపోయి ఉంటుంది. ‘ఆర్గ్స్’ అనే అసోసియేటివ్ అర్రే (పేరు చెబితే విలువ ఇచ్చే పట్టిక) ఒకటి సిద్ధంగా ఉంటుంది. తేదీ కావాలంటే అందులో ‘--తేదీ’ అన్న గడి చూస్తావు, అంతే. యూజర్ పొట్టి పేరు కొట్టాడా, పొడవు పేరు కొట్టాడా, ముందు కొట్టాడా, వెనక కొట్టాడా నీకు అనవసరం. తప్పనిసరి ఆప్షన్ ఇవ్వకపోతే నీ ఫైలు దాకా రానే రాదు, ముందే ఆపి ఎలా వాడాలో చూపిస్తుంది.

ఇప్పుడు నీ దగ్గర నాకు బాగా కనిపించిన సమస్య ఒకటి చెబుతాను, నువ్వు అడగకపోయినా. నువ్వు పంపిన నమూనా రిపోర్టులో ఒకే పాయింటు మూడు వరసల్లో ఉంది: కాశీనగర్, కాశీనగర, కాశీనగరం. ఒడియా రాసేవాడు ఒకలా, తెలుగు రాసేవాడు ఒకలా, బోర్డు చూసి రాసేవాడు ఇంకోలా. మన సరిహద్దులో ఇది మామూలే. పర్లాకిమిడి పేరునే నేను ఇంగ్లీషు కాగితాల మీద నాలుగు రకాల స్పెల్లింగుల్లో చూశాను. బాష్లీ యామల్‌లో ఏ ఆప్షన్‌కైనా ‘అలౌడ్’ అని ఒక జాబితా పెట్టొచ్చు. పాయింట్ ఆప్షన్ కింద మీ మూడు పాయింట్ల పేర్లు మాత్రమే, ఒక్కోదానికి ఒక్క స్పెల్లింగే రాయి. వేరే స్పెల్లింగ్ కొడితే ఒప్పుకోదు, ఏవి చెల్లుతాయో చూపించి ఆగిపోతుంది. సీఎస్‌వీ లోపల ఉన్న పాత స్పెల్లింగులు నువ్వు ఒకసారి కూర్చుని సరిచేయాల్సిందే, దానికి మంత్రం లేదు.

యామల్ రాసేటప్పుడు రెండు చోట్ల అందరూ పడతారు. ట్యాబ్‌లు వాడకు, స్పేస్‌లే. రెండోది కాస్త గమ్మత్తు. అలౌడ్ జాబితాలో ‘ఆన్’, ‘ఆఫ్’ అని ఇంగ్లీషులో కోట్స్ లేకుండా రాస్తే, రూబీ వాటిని పదాలుగా చదవదు, నిజం, అబద్ధం అనే బూలియన్ విలువలుగా చదువుతుంది. ‘యెస్’, ‘నో’ కూడా అంతే. నేను ఒక రైస్ మిల్లు స్క్రిప్టులో దీనిమీద ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. జాబితాలో ఉన్న ‘ఆన్’ కొడుతుంటే ‘చెల్లదు’ అంటుంది! అప్పటినుంచి విలువలన్నీ కోట్స్‌లో పెట్టడం అలవాటైంది.

విలువ సరైనదో కాదో తనిఖీకి వాలిడేషన్లు అని ఉన్నాయి. అంకె అయితేనే తీసుకో, ఆ ఫైలు ఉంటేనే తీసుకో, ఫోల్డర్ ఉంటేనే తీసుకో అనేవి సిద్ధంగా దొరుకుతాయి. సొంతంగా కూడా రాసుకోవచ్చు, ఒక ఫంక్షన్ అంతే. కానీ దాని పద్ధతి మొదట తికమకగా ఉంటుంది: విలువ బాగుంటే ఆ ఫంక్షన్ ఏమీ ప్రింట్ చేయకూడదు, బాగోలేకపోతే తప్పేంటో ప్రింట్ చేయాలి. మౌనమే అంగీకారం. నేను మొదటిసారి ‘ఓకే’ అని ప్రింట్ చేయించాను, ప్రతి మంచి విలువనీ అది తిప్పికొట్టింది.

అంకెల తనిఖీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకు. ఇది నా నెత్తిమీద పడిందే. రాయగడలో ఒకరికి నెలవారీ రిపోర్టు స్క్రిప్టు రాసిచ్చాను. ఏప్రిల్‌లో పెట్టాం. ఏప్రిల్, మే పిక్కల సీజన్ అంతా శుభ్రంగా నడిచింది, జూన్, జులై కూడా. ఆగస్టు ఒకటో తారీఖు పొద్దున్నే ఫోను. “ఏటి బాబూ, ఇంగ్లీషులో ఏటేటో రాస్తంది, రిపోర్టు రాలేదు” అని. చూస్తే ‘08’ దగ్గర బాష్ ఆగిపోయింది, ఈ బేస్‌కి విలువ మరీ పెద్దది అంటూ. సంగతేంటంటే, సున్నాతో మొదలయ్యే అంకెను బాష్ లెక్కల్లో ఆక్టల్‌గా, అంటే 8 మీద ఆధారపడ్డ లెక్కగా తీసుకుంటుంది. ఆక్టల్‌లో 7 తర్వాత అంకె లేదు. 01 నుంచి 07 దాకా రెండు పద్ధతుల్లోనూ ఒకటే కాబట్టి ఏడు నెలల పాటు ఎవరికీ తెలియదు. ఆగస్టులో, సెప్టెంబరులో మాత్రం బయటపడుతుంది, అక్టోబరులో 10 కాబట్టి మళ్లీ మాయమవుతుంది. డేట్ కమాండ్ నెల అంకెను మామూలుగా రెండంకెల్లోనే ఇస్తుంది మరి. బాష్లీ అంకెల తనిఖీ 08ని ఆపదు, అది చూసేది అన్నీ అంకెలేనా అని మాత్రమే. లెక్కలోకి తీసుకునే ముందు విలువకి ముందు ‘10#’ అని తగిలిస్తే మామూలు పది లెక్కగా చదువుతుంది. రసీదు నంబర్లకి ముందు సున్నాలు పెట్టే అలవాటున్న చోట ఇంకా జాగ్రత్త. 08 అయితే కనీసం అరుస్తుంది, 010 అయితే నోరు మూసుకుని 8 అనేస్తుంది.

దశాంశాల సంగతి కూడా ఇక్కడే. బాష్‌కి పూర్ణాంకాలే తెలుసు. 412.5 కిలోలు అని ఇస్తే లెక్క చేయలేక తప్పు చూపిస్తుంది. కిలోలను గ్రాములుగా, రూపాయలను పైసలుగా మార్చుకుని లోపల అవే వాడు, చివర్లో చూపించేటప్పుడు మాత్రం మార్చు. లేదా ఆ భాగం ఆక్ అనే పట్టికల లెక్కల పనిముట్టుకి అప్పగించు. 80 కిలోల బస్తా లెక్కలో మిగిలే అర కిలోలు రైతుకి గుర్తుంటాయి, కాబట్టి రౌండింగ్ ఎక్కడ చేస్తున్నావో నీకు తెలిసి చేయి.

ఇంకో సంగతి, మనలాంటి చోట్ల తప్ప ఎవరూ పట్టించుకోనిది. రిపోర్టులో రైతు పేరు తెలుగులో, ఒడియాలో పెడితే పట్టిక వంకర టింకరగా వస్తోందన్నావు. అది నీ తప్పు కాదు. బాష్‌లో వరసలు ప్రింట్ చేసే ప్రింట్‌ఎఫ్ కమాండ్ గడి వెడల్పును అక్షరాల్లో కాక బైట్లలో లెక్కేస్తుంది. యూటీఎఫ్-8లో (అన్ని లిపులనూ కంప్యూటర్లో దాచే పద్ధతిలో) తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటీ 3 బైట్లు. ఒడియా కూడా అంతే. ‘రావు’ మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్‌కి ర, దీర్ఘం, వ, కొమ్ము కలిపి నాలుగు గుర్తులు, 12 బైట్లు. 20 వెడల్పు గడిలో దానికి 8 ఖాళీలే మిగులుతాయి. అదే పేరు ఇంగ్లీషులో మూడక్షరాలు రాస్తే 17 ఖాళీలు పెడుతుంది. పక్క గడి ఎందుకు నిలబడుతుంది మరి! బైట్లు లెక్కపెట్టి సరిచేయాలని నేను చాలా తంటాలు పడ్డాను, ఫాంట్ మారితే మళ్లీ వంకరే. చివరికి చేసింది చాలా చిన్న పని: పేరు గడిని వరసలో ఆఖరికి జరిపాను. తేదీ, రసీదు, బస్తాలు, కిలోలు, సొమ్ము అన్నీ అంకెలే కాబట్టి నిటారుగా నిలబడతాయి, పేరు చివర్లో ఎంత పొడుగున్నా ఎవరినీ తొయ్యదు. ప్రింటు తీసుకునే రిపోర్టయితే ట్యాబ్‌లతో విడగొట్టి లిబ్రే ఆఫీస్‌లో తెరవమను.

భాష మాట వచ్చింది కాబట్టి. హెల్ప్ వాక్యాలు యామల్‌లో నువ్వే రాస్తావు గనుక తెలుగులో రాయొచ్చు. కానీ ‘ఈ ఆప్షన్ తప్పనిసరి’, ‘ఎలా వాడాలి’ లాంటి మాటలు బాష్లీ సొంతవి, ఇంగ్లీషులో ఉంటాయి. ‘బాష్లీ యాడ్ స్ట్రింగ్స్’ అంటే ఆ మాటలన్నీ ఒక ఫైల్లోకి వస్తాయి, వాటినీ మార్చుకోవచ్చు. మోహనలో కూర్చునే అబ్బాయికి ఒడియా సులువైతే ఒడియాలోనే రాయించు. నేను ఒకచోట తప్పు సందేశాలు మాత్రం రెండు భాషల్లోనూ ఒకదాని కింద ఒకటి పెట్టాను, ఫోన్లు సగానికి సగం తగ్గాయి. కమాండ్ల పేర్లు, ఆప్షన్ల పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచు. కీబోర్డు మార్చుకుంటూ కమాండ్ కొట్టడం ఎవరివల్లా కాదు. కాగితం మీద మనం కలుపు, ఊడ్చు అనుకున్నవి కూడా ఇంగ్లీషు లిపిలోనే పెట్టుకో.

పుట్టిన పెద్ద స్క్రిప్టులో చెయ్యి పెట్టకు. ఇది ఎంత చెప్పినా తక్కువే. ఆ పాయింటుకి వెళ్తావు, చిన్న తప్పు కనిపిస్తుంది, లాప్‌టాప్ ఇంట్లో ఉంటుంది, అక్కడికక్కడే పెద్ద ఫైల్లో ఒక లైను మార్చేస్తావు. పని అవుతుంది. నెల తర్వాత ఇంట్లో ‘జనరేట్’ కొట్టి కొత్త ఫైలు పంపుతావు, పాత తప్పు తిరిగొస్తుంది, ఎందుకొచ్చిందో నీకే గుర్తుండదు. ఎవరో చేస్తారని కాదు, నేనే చేశాను. జనరేట్ చేసిన ప్రతిసారీ పెద్ద ఫైలును పూర్తిగా చెరిపి రాస్తుంది. ఎస్‌ఆర్‌సీలోని నీ చిన్న ఫైళ్ల జోలికి రాదు, అవి ఉంటే ఉన్నట్టే వదిలేస్తుంది. కాబట్టి యామల్, చిన్న ఫైళ్లు గిట్‌లో (ఫైళ్ల పాత రూపాలన్నీ గుర్తుంచుకునే పనిముట్టులో) పెట్టు. పెద్ద ఫైలు మొదట్లో ‘ఇది తయారైన ఫైలు, ఇక్కడ మార్చవద్దు’ అని నీ భాషలో ఒక కామెంట్ వచ్చేలా చూసుకో. పాయింట్లకి పంపేటప్పుడు ప్రొడక్షన్ ఎన్విరాన్‌మెంట్‌తో జనరేట్ చేస్తే, తయారీలో మనకోసం పెట్టిన గుర్తులు లేకుండా శుభ్రంగా వస్తుంది. రెండు కమాండ్లున్న చిన్నదానికే వందల లైన్లు పుడతాయి, అది చూసి కంగారు పడకు. నువ్వు చదవాల్సింది నీ చిన్న ఫైళ్లనే.

మొదట్లోనే సెట్టింగ్స్ ఫైలు తెచ్చుకుని స్ట్రిక్ట్ అనేది ఆన్ చేయి. మామూలుగా బాష్లీ పెట్టేది ఏదైనా కమాండ్ విఫలమైతే ఆగిపోయే ఏర్పాటు ఒక్కటే. స్ట్రిక్ట్ పెడితే, విలువ ఇవ్వని వేరియబుల్ వాడినా ఆగుతుంది, పైపు (ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకోదానికి అందించే గొలుసు) మధ్యలో ఒకటి విఫలమైనా ఆగుతుంది. నీ ఊడ్చే కమాండ్‌లో ఇది ప్రాణం. ఫోల్డర్ పేరు వేరియబుల్‌కి విలువే ఇవ్వకుండా, దాని వెనక స్లాష్ పెట్టి తీసేయమంటే ఏమవుతుందో ఊహించుకో.

ఊడ్చే కమాండ్ గురించి ఇంకొంచెం. ‘--ఫోర్స్’ ఇవ్వకపోతే అది ఏ ఫైలునీ తీసేయకూడదు, ఏయే ఫైళ్లు తీసేయబోతోందో చూపించి ఊరుకోవాలి. ఫోర్స్ ఇచ్చినా నేరుగా తీసేయక, తేదీ పేరుతో ఒక చెత్తబుట్ట ఫోల్డర్లోకి జరపమను. డిస్క్ జాగా ఇప్పుడు చౌక. ఈ ఒక్క మార్పు ముందే ఉండుంటే నీ రెండు రోజుల ఫైళ్లు దొరికేవి.

కరెంటు సంగతి మర్చిపోకు. మన వైపు వేసవి సాయంత్రాలు గాలివాన వస్తే ఎప్పుడు పోతుందో తెలియదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడైతే లాప్‌టాప్ సంగతి దేవుడెరుగు, ఫోన్ చార్జింగే గగనమైంది. కలుపు కమాండ్ ఫలితాన్ని నేరుగా అసలు ఫైల్లోకి రాయకు. అదే ఫోల్డర్లో తాత్కాలిక ఫైలుగా రాసి, పూర్తయ్యాక పేరు మార్చు. ఒకే డిస్క్ భాగంలో పేరు మార్చడం ఒక్క దెబ్బతో జరుగుతుంది, మధ్యలో కరెంటు పోయినా అసలు ఫైలు సగం రాసి మిగిలే ప్రమాదం చాలా తగ్గుతుంది. ఇది జనరేటర్ చేసిపెట్టదు. గుర్తుంచుకో, అది చూసేది గుమ్మం దగ్గర పని. లోపల వంట నీదే.

పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తానన్నావు. మూడు చోట్ల తన్నుతుంది. విండోస్‌లో ఏదైనా ఎడిటర్‌తో తెరిచి మార్చి సేవ్ చేస్తే లైన్ల చివర కనిపించని ఒక అక్షరం చేరొచ్చు, అప్పుడు లినక్స్ ‘అలాంటి ఇంటర్‌ప్రెటర్ లేదు’ అంటుంది. ఫైలు కళ్లముందే ఉంటుంది, లేదంటుంది! డాస్‌టుయూనిక్స్ అనే కమాండ్ దాన్ని సరిచేస్తుంది. రెండోది, పెన్‌డ్రైవ్‌లలో మామూలుగా ఉండే ఫ్యాట్ ఫార్మాట్‌లో నడిపే అనుమతి నిలవదు. కాపీ చేశాక ఆ అనుమతి ఇవ్వాలి. నేనైతే ‘ఇన్‌స్టాల్’ కమాండ్‌తో ఒకేసారి కాపీ, అనుమతి రెండూ కానిస్తాను. మూడోది, ఎస్‌హెచ్ అని కొట్టి దాని వెనక ఫైలు పేరు ఇచ్చి నడిపే అలవాటు. ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే 2006 నుంచీ డ్యాష్ అనే ఇంకో షెల్, బాష్ కాదు. అసోసియేటివ్ అర్రేలు దానికి తెలియవు. ఫైలు పేరు కొట్టి నేరుగా నడపమని ఒక చీటీ రాసి మానిటర్‌కి అంటించు.

అలాగే బాష్ కనీసం 4.2 ఉండాలనుకో. నీ పాయింట్లలో ఉబుంటు 20.04, 22.04 ఉన్నాయన్నావు, వాటిలో 5.0, 5.1 ఉంటాయి, బెంగ లేదు. ఎక్కడైనా పాత సెంటాస్ 6 కనిపిస్తే అందులో 4.1, అది కుదరదు. ఓనరుగారి అబ్బాయి మ్యాక్‌బుక్‌లో చూస్తానంటే, ఆపిల్ ఇచ్చే బాష్ ఇప్పటికీ 3.2 దగ్గరే ఆగింది, లైసెన్సు గొడవ వల్ల. విడిగా కొత్తది వేసుకోవాల్సిందే. స్క్రిప్టు వాడే బయటి పనిముట్లు, ఉదాహరణకి ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్, యామల్‌లో డిపెండెన్సీలుగా (ముందే ఉండాల్సినవిగా) రాసిపెట్టు. అది లేని మెషీన్లో సగంలో కూలిపోకుండా మొదట్లోనే ‘ఇది లేదు’ అని చెబుతుంది.

ఆర్గ్‌బ్యాష్ అని ఇంకోటి ఉంది, దాని గురించీ అడిగావు. అది ఎం4 అనే పాత మాక్రో పనిముట్టు మీద నడుస్తుంది. స్క్రిప్టు పైభాగంలోనే కామెంట్ల రూపంలో ఆప్షన్లు రాస్తాం, అదే ఫైల్లో కోడ్ పుడుతుంది. ఒకే పని చేసే చిన్న స్క్రిప్టుకి బాగుంటుంది, యామల్, ఫోల్డర్లు అక్కర్లేదు. కానీ దానికి స్క్వేర్ బ్రాకెట్లంటే ప్రత్యేక అర్థం, జత కలవని బ్రాకెట్ కోడ్‌లో ఉంటే ఇబ్బంది పెడుతుంది. నీకు నాలుగు సబ్‌కమాండ్లు కావాలి కాబట్టి బాష్లీయే సరి. రెండే ఆప్షన్లున్న ముప్పై లైన్ల స్క్రిప్టుకైతే ఏ జనరేటరూ వద్దు, గెటాప్ట్స్ చాలు.

పైథాన్ ప్రశ్న మిగిలింది. గూగుల్ వాళ్ల షెల్ స్టైల్ గైడ్‌లో, వంద లైన్లు దాటిన స్క్రిప్టును ఇంకో భాషలోకి మార్చమని ఉంటుంది. మంచి మాటే, కానీ లెక్కపెట్టాల్సింది నువ్వు రాసిన లైన్లు, పుట్టిన లైన్లు కాదు. నీ పని ఎక్కువగా ఫైళ్లు జరపడం, కలపడం, ఆర్‌సింక్ కొట్టడం. అది షెల్‌కి పుట్టింటి పని. ఎప్పుడైతే రైతు బాకీలు, అడ్వాన్సులు, వడ్డీలు లెక్కేయమని ఓనరుగారు అడుగుతారో, అడుగుతారు కూడా, ఆ రోజు ఆ ఒక్క భాగం పైథాన్‌లో రాయి. పిక్కలు కమాండ్ దాన్ని లోపల పిలుస్తుంది, బయట మనిషికి తేడా తెలియదు. ఒకేసారి అంతా మార్చబోతే సీజన్ మధ్యలో ఇరుక్కుంటావు.

నీ చిన్న ఫైళ్ల మీద షెల్‌చెక్ అనే తప్పులు పట్టే పనిముట్టు నడుపు. కోట్స్ లేని వేరియబుల్స్ అన్నీ పట్టేస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫైళ్ల పేర్లలో స్పేస్‌లు ఉంటాయి కదా, కోట్స్ లేకపోతే ఒక ఫైలు మూడు ఫైళ్లవుతుంది. చిన్న ఫైల్లో ఆర్గ్స్ అన్నది ఎక్కడా ప్రకటించలేదని గోల చేస్తే, అది పెద్ద ఫైల్లో ఉంటుంది కాబట్టి ఆ ఒక్క గోలా పట్టించుకోకు.

మార్చే రోజు పాత నాలుగు స్క్రిప్టుల పేర్లు మాయం చేయకు. ఒక్కోదాన్నీ రెండు లైన్లకి కుదించి, లోపల కొత్త కమాండ్‌ను పిలిచేలా పెట్టు. ‘-డి’తో డిలీట్ చేసే ఆ పాత ఒక్కటి మాత్రం ఏ పనీ చేయకుండా, కొత్త కమాండ్ ఏంటో చూపించి ఆగిపోవాలి. నేను రాయగడలో మార్చి మూడేళ్లయింది. అక్కడి గుమస్తాగారు ఇప్పటికీ పాత పేరే కొడతారు, రిపోర్టు వస్తుంది, ప్రింటు తీసుకుంటారు. లోపల ఏం మారిందో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.